రెబెక్కా హైదరాబాద్ ఎలా చేరింది: ఒక గైడ్ కేస్ స్టడీ

డిసెంబర్ సెలవుల్లో హైదరాబాద్ వచ్చే ఎన్నారై కుటుంబాలకు నగరం చూపించడం నా పనిలో పెద్ద భాగం. ఆ రోజు వచ్చినవాళ్లది అట్లాంటా. అమ్మ, నాన్న, అమ్మమ్మ, పదకొండేళ్ల పాప. చార్మినార్, చౌమహల్లా చూసుకుని సాలార్‌జంగ్ మ్యూజియానికి వచ్చాం. ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం ముందు నిలబెట్టి, పదహారేళ్లుగా చెబుతున్న మాటే చెప్పాను. "ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. ముఖం, ముసుగు రెండూ ఒకే రాయి. ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే."

పాప శిల్పం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "అంకుల్, ఇది మా దగ్గర కూడా ఉంది. స్కూల్ ట్రిప్‌లో చూశాను" అంది. వాళ్లమ్మ "ష్, ఊరుకో" అని చెయ్యి పట్టుకుని లాగింది. పాప ఊరుకోలేదు. అమ్మ ఫోనే తీసుకుని వెతికి చూపించింది. అట్లాంటాలోని హై మ్యూజియం. అదే భంగిమ, అదే ముసుగు, పేరు కూడా అదే.

నాకు నోట మాట రాలేదు. "నువ్వు చెప్పిందే నిజం తల్లీ. పూర్తిగా కనుక్కుని మీ అమ్మకు మెసేజ్ పెడతాను" అని మాత్రం అనగలిగాను. మిగిలిన గదులన్నీ తిప్పాను గానీ మనసంతా అక్కడే ఉండిపోయింది. ఆ 'ఒక్కటే' అన్న మాట నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక సీనియర్ గైడ్ నోట విన్నది. ఏనాడూ సరిచూసుకోలేదు. ఇన్నేళ్లలో ఎన్ని వేల మందికి చెప్పానో.

తప్పు దిద్దుకోవడం ఒక పూటలో అయిపోయింది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. 'ఒక్కటే' అన్న మాట తీసేస్తే ఆ శిల్పం ముందు చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. దాన్ని నింపుకోవడానికి ఏం చేశానో, ఏం దొరికిందో, దాన్ని జనానికి చెప్పబోయి ఎక్కడ దెబ్బతిన్నానో ఇక్కడ రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఆశ.

ఒకటి కాదు

మొదట ఆ కాలంలో రోమ్ స్టూడియోలు ఎలా నడిచేవో తెలుసుకున్నాను. శిల్పి ముందు మట్టితో చేస్తాడు. దాని నుంచి ప్లాస్టర్ అచ్చు తీస్తారు. ఆ ప్లాస్టర్ మీద అక్కడక్కడ చిన్న లోహపు మేకులు గుచ్చి, వాటి మధ్య దూరాలూ లోతులూ కొలిచి, అంతే లోతుకు పాలరాయిలో రంధ్రాలు వేసుకుంటూ పనివాళ్లు అదనపు రాయిని తీసేస్తారు. ఇటలీలో ప్రసిద్ధ శిల్పి కనోవా పుట్టిన పొసాన్యో ఊళ్లో ఆయన ప్లాస్టర్ శిల్పాలు దాచి ఉంచారు. వాటి ఒంటి నిండా ఆ మేకులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకసారి ప్లాస్టర్ సిద్ధమయ్యాక ఎంతమంది అడిగితే అన్ని పాలరాతి శిల్పాలు తీయొచ్చు. చివరి పొర, నునుపు, చెంప, పెదవి లాంటి చోట్ల మాత్రం ఆరితేరిన చెయ్యి పడాలి.

బెంజోనీ రెబెక్కాను 1860ల మొదట్లో రూపొందించాడు. ఆయనది పెద్ద వర్క్‌షాప్. రెబెక్కాలు ఎన్నో వెళ్లాయి. అట్లాంటాలో ఒకటి ఉంటే, మసాచుసెట్స్‌లోని బెర్క్‌షైర్ మ్యూజియంలో ఇంకొకటి ఉంది. మన దగ్గరున్నది నిజాం దివాన్ (ప్రధాన మంత్రి) మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నది. బెంజోనీ 1873లోనే పోయాడు. అంటే మన దివాన్ గారు కొనేనాటికి శిల్పి లేక మూడేళ్లయింది.

ఈ సంగతి తెలిసిన రోజు కొంచెం దిగులేసింది, నిజమే. కానీ శిల్పం దగ్గరికి మళ్లీ వెళ్లి నిలబడితే ఆ దిగులు పోయింది. ముక్కు దూలం మీద ముసుగు బట్ట అతుక్కున్నట్టు ఉంటుంది. కంటి గుంట దగ్గరికి వచ్చేసరికి కొంచెం పైకి లేచి వదులుగా జారుతుంది. అక్కడ రాయి పలచబడిందేమో, లోపలి నుంచి ముఖం కనిపిస్తోందేమో అనిపిస్తుంది. నిజానికి లోపల వేరే ముఖం ఏదీ లేదు. ఉన్నదంతా పైపొరే. ఎక్కడ నునుపు, ఎక్కడ మడత, ఎక్కడ నీడ అన్నది సరిగ్గా కుదిరితే మిగతా ముఖాన్ని మన కన్నే పూరించుకుంటుంది. ఎన్ని ప్రతులున్నా ఈ పని తేలికైపోదు.

కొన్న మనిషి వెంట వెళ్తే

ఇక్కడ గైడ్లం మామూలుగా చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. మ్యూజియంలో ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించింది. రెబెక్కా మాత్రం ఆయన తాతగారు, మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ తెచ్చింది. తాతను, మనవణ్ణి కలిపేసి చెబితే కథ చెడిపోతుంది. ఎందుకంటే తాతగారు శిల్పాలు కొనడానికి యూరప్ వెళ్లలేదు.

ఆయన 1853లో, 24 ఏళ్ల వయసులో దివాన్ అయ్యారు. అదే ఏడాది ఒప్పందంతో బేరార్ ప్రాంతం నిజాం చేతుల్లోంచి జారి ఇంగ్లిష్ వాళ్ల అజమాయిషీలోకి వెళ్లింది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలన్నది ఆయన జీవితాంతం మోసిన పట్టుదల. 1875లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఇండియా పర్యటనకు వచ్చినప్పుడు ఆయన వెంట సదర్లాండ్ మూడో డ్యూక్ కూడా వచ్చాడు. సాలార్‌జంగ్‌ను ఇంగ్లండ్‌కు రమ్మని పిలిచింది ఈ డ్యూకే. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. డ్యూక్ 1828లో పుడితే సాలార్‌జంగ్ 1829లో.

1876 ఏప్రిల్‌లో సాలార్‌జంగ్ బొంబాయిలో ఓడ ఎక్కారు. దారిలో రోమ్. అక్కడ రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్‌నీ, పోప్ తొమ్మిదో పయస్‌నీ కలిశారు. రెబెక్కాను కొన్నది కూడా అక్కడే. తర్వాత పారిస్‌లో, హోటల్ మెట్ల మీద కాలు జారి తొడ ఎముక విరిగింది. ఆ నొప్పితోనే ఇంగ్లండ్ చేరారు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, విక్టోరియా రాణి దర్శనం ఇచ్చింది. బేరార్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆగస్టులో తిరిగొచ్చారు.

రెబెక్కా ముందు నిలబడినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. అడగడానికి వెళ్లిన బేరార్ రాలేదు, దారిలో నచ్చి కొన్న శిల్పం వచ్చింది.

ఇక ఈ సదర్లాండ్ డ్యూక్ ఎవరు? ఇంగ్లిష్ ప్రభువుల వంశవృక్షాలు మన ఇంటిపేర్ల లెక్కల కంటే చిక్కుగా ఉంటాయి. వాటి జోలికి పోకూడదనుకున్నాను. కానీ పెళ్లి సంబంధాల వేళ మన పెద్దవాళ్లు 'ఆయన వీళ్లకేమవుతాడు' అని అడుగుతారే, అలా అడుగుతూ పోతే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. సదర్లాండ్ డ్యూక్ తల్లి హారియెట్. ఆవిడ తల్లి జార్జియానా. ఆ జార్జియానాకు ఒక తమ్ముడు ఉన్నాడు, డెవన్‌షైర్ ఆరో డ్యూక్. పెళ్లి చేసుకోలేదు కాబట్టి బ్రహ్మచారి డ్యూక్ అని పేరు. అంటే సాలార్‌జంగ్‌ను ఆహ్వానించిన మనిషి ఈ డ్యూక్‌కు అక్క కూతురి కొడుకు.

ముసుగు శిల్పాల గురించి చదివినవాళ్లెవరికైనా ఆ బ్రహ్మచారి డ్యూక్ పేరు తెలుసు. 1846లో మిలాన్‌లో రఫాయెల్లే మోంటీ అనే యువ శిల్పి స్టూడియోకి వెళ్లి, ముసుగు వేసుకున్న వెస్టల్ కన్య (పాత రోమ్‌లో వెస్టా దేవత పూజారిణి) శిల్పం చేసిపెట్టమని ఆర్డర్ ఇచ్చింది ఆయనే. మరుసటి ఏడాదికి అది తయారైంది. ముసుగు శిల్పాలు అంతకు ముందు లేవని కాదు. నేపుల్స్‌లోని సాన్‌సెవెరో చాపెల్‌లో 1750ల నాటివే ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ మోజు మళ్లీ లేచింది మాత్రం మోంటీ చేతిలో. ఆస్ట్రియా పాలన మీద మిలాన్‌లో లేచిన 1848 తిరుగుబాటు విఫలమయ్యాక మోంటీ లండన్ వెళ్లిపోయాడు. 1851 మహా ప్రదర్శనలో అతని ముసుగు శిల్పాల ముందు జనం గుమిగూడారు. ఆ ప్రదర్శన జరిగిన క్రిస్టల్ ప్యాలెస్‌ను డిజైన్ చేసింది జోసెఫ్ పాక్స్‌టన్. ఈ డ్యూక్ దగ్గరే తోటమాలిగా చేరి, తర్వాత ఆయనకు జీవితాంతం ఆప్తుడైపోయిన మనిషి. పాక్స్‌టన్ మీదే ఇంకో కేసు రాయొచ్చు, ఇక్కడ వదిలేస్తున్నాను.

ఆ మోజు నడుస్తున్న రోజుల్లోనే బెంజోనీ రెబెక్కాకు ముసుగు వేశాడు.

కనోవా స్నేహితులు ఇద్దరు

ఈ బ్రహ్మచారి డ్యూక్‌కు శిల్పం పిచ్చి ఎక్కడ పట్టింది? రోమ్‌లో, 1819లో, ఆంటోనియో కనోవా స్టూడియోలో. డ్యూక్‌కు అప్పటికి 29 ఏళ్లు. కనోవాకు అరవై దాటాయి, యూరప్ అంతా చేతులెత్తి మొక్కే శిల్పి. డ్యూక్ సవతి తల్లి ఎలిజబెత్ అప్పుడు రోమ్‌లోనే కాపురం, కనోవాకు స్నేహితురాలు. డ్యూక్‌కు చిన్నప్పటి నుంచి వినికిడి తక్కువ. నలుగురి సందడిలో మాట అందక ఇబ్బంది పడే మనిషికి, రాయి చెక్కే చోట కూర్చుని చూస్తూ ఉండడం ఎంత హాయిగా ఉండేదో ఊహించుకోగలను. ఇది నా ఊహే.

డ్యూక్ కోసం కనోవా చెక్కింది ఎండీమియన్. నిద్రపోతున్న పడుచు గొల్లవాడు, పక్కన మెలకువగా ఉన్న కుక్క. ఆ పాలరాయిలో చెయ్యి దగ్గర ఒక మరక, చెంప మీద ఒక మరక తేలాయి. రాయి అంత మేలైనది కాబట్టి చెయ్యి మీది మరక కోసం దాన్ని మార్చనన్నాడు కనోవా. చెంప మీది మరకైతే ఆయనకు నచ్చింది కూడా, ఎండకు కమిలిన వేటగాడి ఛాయలా ఉందట. ఇదంతా డ్యూక్ తర్వాత తన ఇంటి వస్తువుల గురించి తానే రాసుకున్నాడు. కొన్నవాడు మరక గురించి ఫిర్యాదు చేయకుండా, ఆ మరక గురించి శిల్పి అన్న మాటను పాతికేళ్ల తర్వాత కూడా గుర్తు పెట్టుకుని రాశాడు. వాళ్లిద్దరిది కేవలం కొనుగోలు వ్యవహారం కాదని నేను నమ్మడానికి నాకు అదొక్కటి చాలు.

కనోవా 1822 అక్టోబర్‌లో వెనిస్‌లో పోయాడు. ఎండీమియన్ ఇంగ్లండ్ చేరేటప్పటికి దాన్ని చేసినవాడు లేడు. డ్యూక్ తన భవనం చాట్స్‌వర్త్‌లో శిల్పాల కోసం విడిగా పెద్ద గ్యాలరీ కట్టించాడు. అందులో ఎండీమియన్‌తో పాటు నెపోలియన్ తల్లి లెటీజియా శిల్పం కూడా ఉంది. అది కూడా కనోవాదే, డ్యూక్ దాన్ని పారిస్‌లో కొన్నాడు. ఆ పెద్దావిడ అప్పటికి బతికే ఉంది. డ్యూక్ రోమ్‌లో చూడ్డానికి వెళ్తే, నా బొమ్మ నువ్వెలా కొంటావని నిష్ఠూరమాడిందట.

స్నేహం అన్నాను కదా అని డబ్బు సంగతి దాచకూడదు. కనోవా మాట మీద డ్యూక్ జాన్ గిబ్సన్ అనే కుర్ర శిల్పి దగ్గరికి వెళ్లి మార్స్, క్యూపిడ్ శిల్పం ఆర్డర్ ఇచ్చాడు. గిబ్సన్‌కు రేటు చెప్పడం తెలియదు, 500 పౌండ్లు అన్నాడు. పని పూర్తయ్యేసరికి ఎదురు తన చేతి డబ్బే పడింది. పెద్దింటివాళ్ల స్నేహం పేరు తెచ్చిపెడుతుంది, పూట గడపడం మాత్రం వేరే లెక్క. కనోవా స్థాయికి చేరినవాడు వద్దనగలడు. కొత్తవాడు అనలేడు.

ఇక రెండో స్నేహితుడు. నాకు ఈ కేసు మొత్తంలో మనసుకు దగ్గరగా వచ్చింది ఈయనే.

ఉత్తర ఇటలీలో ఇజేయో సరస్సు ఒడ్డున లొవెరే అనే ఊరు. అక్కడ కౌంట్ లూయీజీ తదీనీ అనే ప్రభువు. ఆయన కొడుకు ఫౌస్టీనోకు కనోవా శిల్పాలంటే ప్రాణం. 1796లో ఆ శిల్పాల మీద ఏకంగా ఒక పుస్తకమే అచ్చు వేశాడు. మూడేళ్లకే, 1799లో, లొవెరేలో ఒక కట్టడం కూలి ఫౌస్టీనో చనిపోయాడు. తండ్రికి మిగిలింది ఆ కొడుకు ఇష్టపడినవే. చాలా ఏళ్ల తర్వాత కనోవా ఆ అబ్బాయి జ్ఞాపకంగా పాలరాతి స్మారకం చెక్కాడు. ఇప్పటికీ అది లొవెరేలోనే ఉంది. తదీనీ తన సేకరణ అంతటినీ ఒక భవనంలో పెట్టి ఊరికి ఇచ్చేశాడు. దాంతోపాటు పిల్లలకు బొమ్మలు గీయడం, సంగీతం నేర్పే బడి పెట్టించాడు. అదే అకాడమీ తదీనీ.

అదే సరస్సు ఒడ్డున, ఇంకో ఊళ్లో, చిన్నాయన దగ్గర వడ్రంగి పని చేస్తున్న పేద కుర్రాడు ఒకడు తదీనీ కంట పడ్డాడు. చేతిలో పని ఉందని చూసి చదివించాడు. 1828లో రోమ్ పంపించాడు. అప్పటికి తదీనీకి ఎనభై దాటాయి, కుర్రాడికి పంతొమ్మిది. ఆ కుర్రాడి పేరు జొవాన్నీ మరియా బెంజోనీ. మన రెబెక్కాను రూపొందించినవాడు.

ఇక్కడికి వచ్చేసరికి కుర్చీలోంచి లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. కనోవాకు స్నేహితులు ఇద్దరు. ఒకరి చేతి మీదుగా ముసుగు శిల్పాల మోజు లేచింది, ఆయన అక్క మనవడే మన దివాన్‌ను యూరప్ పిలిచాడు. ఇంకొకరి చేతి మీదుగా శిల్పి తయారయ్యాడు. రెండు దారులూ రోమ్‌లో, 1876లో కలిశాయి. ఇదంతా ఎవరో పథకం వేసి చేసింది కాదు. ఒకరికొకరు తెలిసినవాళ్లు, ఒకరంటే ఒకరికి ఇష్టం ఉన్నవాళ్లు, అంతే. 'ప్రపంచంలో ఒక్కటే' అన్న అబద్ధం ముందు ఈ నిజం ఎంత పెద్దదో.

జనానికి చెప్పబోతే

మొదటిసారి పూర్తి కథ ఒక బ్యాంకు ఉద్యోగుల గ్రూపుకు చెప్పాను. పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆరో నిమిషానికి ఇద్దరు పక్కకు జరిగారు. తర్వాత ఎవరో "గడియారం టైమ్ అవుతోంది సార్" అన్నారు. ఇక్కడి సంగీత గడియారం గంట కొడుతుంటే చూడ్డానికి జనం ముందే వెళ్లి కూర్చుంటారు, తెలిసిందే. నా కథ సగంలో తెగిపోయింది.

తప్పు నాదే. నేను కనుక్కున్న వరసలోనే వాళ్లకు చెప్పాను. సాలార్‌జంగ్ నుంచి సదర్లాండ్, అక్కడి నుంచి డెవన్‌షైర్, కనోవా, తదీనీ. వెతికేవాడికి ఆ వరస బాగుంటుంది. నిలబడి వినేవాడికి అదంతా పేర్ల జాబితా.

రెండోసారి తలకిందులు చేశాను. సరస్సు, కొడుకు పోయిన తండ్రి, వడ్రంగి కుర్రాడు. అక్కడ మొదలుపెట్టి నేరుగా హైదరాబాద్ వచ్చాను. ఐదు నిమిషాలు. ఎవరూ కదల్లేదు. కానీ మోంటీ, ముసుగుల మోజు పూర్తిగా పోయాయి. శిల్పాల మీద ఆసక్తితో వచ్చినవాళ్లకు అది అన్యాయం.

ఇప్పుడు చేస్తున్నది ఇది. ముందు కథ ఏదీ చెప్పను. కాసేపు శిల్పాన్ని పక్క నుంచి చూడమంటాను. ముక్కు దగ్గర ముసుగు ఎక్కడ అంటుకుంది, ఎక్కడ విడిపోయింది చూపిస్తాను. రెబెక్కా ఎవరో బైబిల్ తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. పెళ్లికూతురుగా ఒంటె మీద దూరదేశం వస్తూ, ఎదురొచ్చే మనిషే తనకు కాబోయే భర్త అని తెలిసి, దిగి ముసుగు వేసుకున్న పిల్ల. ఈ మాట చెప్పినప్పుడు పాతబస్తీ నుంచి వచ్చిన ఆడవాళ్ల ముఖాల్లో ఒక మెరుపు చూస్తుంటాను. వాళ్లకు ఆ ముసుగు పరాయిది కాదు. అరవై, డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లయితే తమ పెళ్లి పీటల సంగతులు చెప్పడం మొదలుపెడతారు. వాళ్లను ఆపను.

ఆ తర్వాత "ఇలాంటివి ఇంకా ఉన్నాయి" అని నేనే ముందు చెప్పేస్తాను. ఈ మాటకు ముఖం చిన్నబోతుందేమోనని మొదట్లో టెన్షన్ పడ్డాను. అలా జరగలేదు. "మరి ఇది మన ఊరికెలా వచ్చింది?" అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ఆ ప్రశ్న వాళ్ల నోటి నుంచి వచ్చాకే కథ మొదలుపెడతాను. ఎంత చెప్పాలో ఎదురుగా ఉన్నవాళ్లను బట్టి. డెవన్‌షైర్ డ్యూక్ అందరికీ అక్కర్లేదు. "పిలిచినాయన, ముసుగు శిల్పం చేయించినాయనకు అక్క కూతురి కొడుకు" అన్న ఒక్క వాక్యం చాలు, మనవాళ్లకు ఆ వరస వెంటనే బోధపడుతుంది. పేర్లు తర్వాత.

అట్లాంటా పాపకు మాట ఇచ్చినట్టే వాళ్లమ్మకు పెద్ద మెసేజ్ పెట్టాను. రెండు రోజుల తర్వాత పాపే వాయిస్ మెసేజ్ పంపింది. వాళ్ల మ్యూజియంలో ఉన్న రెబెక్కా ముందు ఇదే కథ వాళ్ల టీచర్‌కు చెబుతానంది.

బడి పిల్లల గ్రూపులకు తదీనీ పేరు నిలవదు. అందుకే పేరు తీసేసి 'సరస్సు ఒడ్డు తాత' అంటున్నాను. మొన్న నల్లగొండ నుంచి వచ్చిన ఆరో తరగతి పిల్లల్లో ఒకడు చెయ్యెత్తి అడిగాడు. "సార్, మరి ఆ తాత ఈ బొమ్మ చూసిండా?"

చూడలేదు. తాత 1829లోనే పోయాడు. అప్పటికి బెంజోనీ రోమ్ వెళ్లి ఏడాది.